లానో, మేసన్‌లలో మూడు రోజులు: జింకల వేటకు ఏ బైనాక్యులర్ పనికొచ్చింది

నవంబరు మొదటి శనివారం, సాయంత్రం ఆరున్నర దాటింది. టెక్సస్‌లో లానో ఊరి బయట ఒక రాంచ్‌లో, మన పొలాల్లో మంచె లాంటి చెక్క గదిలో నేనూ మా బావా కూర్చున్నాం. ఎనభై గజాల దూరంలో ఓక్ చెట్టు కిందికి జింక ఒకటి వచ్చి నిలబడింది. ఉత్త కంటికి బూడిదరంగు మచ్చలా ఉంది. నా చిన్న బైనాక్యులర్ ఎత్తి చూస్తే ఇంకాస్త పెద్ద మచ్చలా ఉంది. ఆడదో మగదో తెలియలేదు. బావ తన 8x42 బైనాక్యులర్ నా చేతికిచ్చాడు. చెవుల అంచున వెంట్రుకలు కనిపించాయి. రెండు చెవుల మధ్య, నుదుటి మీద, ఇంకా కొమ్ములు కాని రెండు బొడిపెలు కనిపించాయి.

"మగపిల్ల. ఈ ఏడు పుట్టిందే. వదిలేయ్," అన్నాడు బావ.

ఇక్కడివాళ్లు దాన్ని బటన్ బక్ అంటారు. ఆడజింక అనుకుని పొరపాటున కొట్టేది ఎక్కువగా దీన్నే. ఆ బొడిపెలు కనిపించకపోయి ఉంటే ఏం చేసేవాణ్ణో తలుచుకుంటే ఇప్పటికీ మనసు అదోలా అవుతుంది.

నేను పుట్టింది నల్లమల అంచున. అక్కడ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో వేట ఆగిపోయింది, ఆగాల్సిందే కూడా. ఇక్కడ పద్ధతి వేరు. లైసెన్సు, కొట్టిన జింకకు కట్టే ట్యాగులు ఉండాలి. ఎన్ని కొట్టొచ్చో కౌంటీ వారీగా లెక్క ఉంటుంది. రాష్ట్రంలో ఉండేవాళ్లకు మామూలు లైసెన్సు 25 డాలర్లు, బయటి నుంచి వచ్చేవాళ్లకు 315. 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేయాలి. నాది ఆన్‌లైన్‌లోనే అయిపోయింది.

కిందటేడు 48 డాలర్ల పబ్లిక్ హంటింగ్ పర్మిట్ తీసుకుని తూర్పు టెక్సస్‌లోని శామ్ హ్యూస్టన్ నేషనల్ ఫారెస్ట్‌కి వెళ్లాం. ఖర్చు తక్కువ, అడవి బాగుంది. కానీ పైన్ చెట్ల మధ్య చూపు యాభై గజాలు దాటదు. ఆకుల సందుల్లోంచి ఒక చెవో తోకో దొరకబుచ్చుకోవాలి. రెట్లు తక్కువైనా వెడల్పుగా చూపించే అద్దాలే అక్కడ కావాలి. ఇలా అప్పుడు ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

ఈసారి ఆస్టిన్ నుంచి గంటన్నర డ్రైవ్ చేసి లానో చేరాం. "టెక్సస్ జింకల రాజధాని" అని ఊరు తన గురించి తానే చెప్పుకుంటుంది. సీజన్ మొదటి వారాంతంలో ఆ మాట నిజమే అనిపిస్తుంది. మోటల్ పార్కింగంతా పికప్ ట్రక్కులే. గది చిన్నదైనా శుభ్రంగా ఉంది, కాఫీ తెల్లవారుజామున నాలుగింటికే పెట్టారు. వేటకు వచ్చేవాళ్లకు అంతకంటే ఏం కావాలి. మధ్యాహ్నం నిప్పుల మీద మాంసం కాల్చి పెట్టే కూపర్స్ హోటల్‌కి వెళ్లాం. బయట పొయ్యి దగ్గర నిలబడి, ఏ ముక్క కావాలో మనమే చూపించాలి. వాళ్ల లావాటి పోర్క్ చాప్ ఒకటి ఇద్దరికి సరిపోయింది.

రాంచ్ విషయంలో మాత్రం దెబ్బతిన్నాం. "బైనాక్యులర్ మేమే ఇస్తాం" అన్నారని నేను సరైనది ఏదీ తీసుకెళ్లలేదు. జేబులో పట్టే పాత 8x25 మాత్రం ఉంది. వాళ్లిచ్చిన 10x50 చూడటానికి ఘనంగా ఉంది. తెల్లవారుజామున చలిలోంచి తీసి కళ్ల దగ్గర పెట్టుకోగానే లోపల పొగమంచు కమ్మింది. అద్దం పైన అయితే తుడుచుకోవచ్చు, లోపల ఏం చేయగలం? గాలి చొరబడకుండా సీల్ చేసి, లోపల నైట్రోజన్ గానీ ఆర్గాన్ గానీ నింపినవాటికి ఈ బాధ ఉండదు. పెట్టె మీద ఫాగ్‌ప్రూఫ్ అని ఉంటే అదే అర్థం. ఆ మాట లేనిది చవగ్గా వచ్చినా వద్దు.

ఇక అంకెలు. 8x42లో 8 అంటే ఎన్ని రెట్లు దగ్గరగా కనిపిస్తుందన్నది, 42 అంటే ముందున్న అద్దం వెడల్పు మిల్లీమీటర్లలో. 42ని 8తో భాగిస్తే 5.25. కంట్లోకి వచ్చే వెలుతురు కట్ట అంత వెడల్పు ఉంటుంది. నా 8x25కి అది మూడు చిల్లర. చీకటి పడే వేళ కనుపాప విచ్చుకుంటుంది కదా, ఆ కొంచెం వెలుతురు దానికి చాలదు. పట్టపగలు రెండింటికీ తేడా తెలియకపోవచ్చు. కానీ జింక పట్టపగలు రాదు. సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయం తర్వాత అరగంట దాకా వేటకు అనుమతి. అది వచ్చేదేమో ఆ మొదటి అరగంటలో, ఈ చివరి అరగంటలో.

మరి 10x42 ఎందుకు కాదు? జింకలకు మేత వేసే ఫీడర్ నుంచి మొక్కజొన్న పడే చోటు మంచెకు వంద గజాల్లోపే ఉంది. అంత దూరానికి ఎనిమిది రెట్లు చాలు. పది రెట్లయితే జింకతో పాటు చేతి వణుకు కూడా పది రెట్లవుతుంది.

ఇంకో మాట, దీన్ని మాత్రం ఎవరికైనా గట్టిగానే చెబుతాను. తుపాకీ మీది స్కోప్‌తో అది ఏమిటా అని వెతకకూడదు. స్కోప్ ఎటు చూస్తే గొట్టం అటే. పొద కదిలిందని చూసేటప్పుడు అక్కడ ఉన్నది మనిషి అయితే?

ఆ రాత్రే గడియారాలు గంట వెనక్కి జరిగాయి. ఆదివారం మబ్బున లేచి అక్కడికి పడమరగా ఉన్న మేసన్ కౌంటీకి వెళ్లాం. అక్కడ రాంచ్‌లోనే, వేటగాళ్లంతా కలిసి పడుకునే బంక్‌హౌస్‌లో బస. మంచాలు ఇరుకు, స్నానానికి వరసలో నిలబడాలి. అయినా లానో మోటల్ కంటే నాకు ఇదే నచ్చింది. లేచిన పది నిమిషాల్లో మంచెలో ఉంటాం. మాంసానికి చల్లగది, శుభ్రం చేసుకోవడానికి నీళ్లు, దీపం అన్నీ ఉన్నాయి. కిటికీ అద్దాలు కూడా తుడిచి ఉంచారు. మసక కిటికీలోంచి చూస్తే ఎంత ఖరీదైన బైనాక్యులరైనా మసకే కదా.

గైడ్ దగ్గర రెండు వేల డాలర్లు దాటే స్వరోవ్‌స్కీ 10x42 ఉంది. లోయకు అవతలి గట్టు చూడటానికి దాన్ని ట్రైపాడ్ మీద బిగించాడు. అలా కదలకుండా పెడితే పది రెట్ల సుఖం నిజంగానే తెలుస్తుంది. సాయంత్రం బావ 8x42లో బొమ్మ చీకట్లో కలిసిపోయాక ఇంకో పది నిమిషాలు స్వరోవ్‌స్కీలో వివరం నిలిచింది. ఆ పది నిమిషాలకే అంత డబ్బు. ఏటా నెలల తరబడి అడవిలో ఉండేవాడికి అది న్యాయమే. ఏడాదికి మూడు రోజులు వెళ్లే నాకు కాదు.

సోమవారం పొద్దున మెస్కీట్ చెట్ల మధ్య ఎర్రటి ఒళ్లు కదిలాయి. బావ 8x42 ఎత్తాను. తెల్ల చుక్కలు! ఇక్కడి తెల్లతోక జింక పిల్లలకు నవంబరు నాటికి చుక్కలు పోతాయి. ఇవేమో నిండుగా పెరిగిన జంతువులు. చిన్నప్పుడు శ్రీశైలం దారిలో బస్సు కిటికీలోంచి చూసిన చుక్కల దుప్పులే. 1932లో వీటిని టెక్సస్‌కి తెచ్చారట. ఇక్కడ పేరు ఆక్సిస్ డీర్. వాటి వెనకున్న మెస్కీట్, మనూళ్లో పొలాల్ని ఆక్రమించిన సర్కారు తుమ్మకు దాయాది. వీళ్ల చెట్టు దాయాది మన దగ్గరికి, మన దుప్పి వీళ్ల దగ్గరికి. వీటికి సీజన్ లేదు, వేరే డబ్బు కడితే ఎప్పుడైనా కొట్టొచ్చని గైడ్ చెప్పాడు. నాకు చేతులు రాలేదు. అవి గట్టు దాటేదాకా చూస్తూ కూర్చున్నాను.

తిరుగుదారిలో బ్యూడా ఊళ్లో, వేట సామాన్లు అమ్మే కబేలాస్ దుకాణం దగ్గర ఆగాం. కావాలనే చీకటి పడే వేళకు వెళ్లాను. లోపలి లైట్లకు ఏదైనా బాగానే కనిపిస్తుంది. అడిగితే తలుపు దాకా రానిచ్చారు, అవతలి చెట్ల నీడల్ని చూసి తేల్చుకున్నాను. నాకు కళ్లద్దాలున్నాయి కాబట్టి ఐ రిలీఫ్, అంటే బొమ్మ మొత్తం కనిపిస్తూనే కన్ను అద్దానికి ఎంత దూరంలో ఉండొచ్చో ఆ కొలత, 16 మిల్లీమీటర్ల పైన ఉన్నవే పట్టుకున్నాను. అంతకంటే తక్కువైతే అంచులు నల్లగా మూసుకుపోతున్నాయి. చివరికి తీసుకున్నది నికాన్ మోనార్క్ ఎం5, 8x42. సుమారు మూడు వందల డాలర్లు, ఐ రిలీఫ్ 19.5. బావ మాత్రం వోర్టెక్స్ తీసుకోమన్నాడు. ఎలా విరిగినా జీవితాంతం బాగుచేసి ఇస్తారని, బిల్లు కూడా అడగరని. అదీ మంచి సలహానే, కళ్లద్దాలు లేనివాళ్లు ముందు అదే చూడొచ్చు. మెడ తాడు తీసేసి ఛాతీకి పట్టే హార్నెస్ ఒకటి కొన్నాను.

ఇంటికొచ్చాక ఎదురింటి నంబరు పలకను గురిపెట్టి సరిచేసుకున్నాను. ముందు కుడివైపు మూసి, ఎడమ కన్నుతో మధ్య చక్రం తిప్పి అంకె స్పష్టం చేశాను. తర్వాత ఎడమవైపు మూసి, చక్రం ముట్టకుండా కుడి కంటి రింగు మాత్రమే తిప్పాను. అది ఆగిన చోట తెల్ల పెయింటుతో సన్నని గీత పెట్టాను, చీకట్లో ఎవరైనా తిప్పినా మళ్లీ అక్కడికే తెచ్చుకోవడానికి.