బాల్టిమోర్ సమాధులు, ఎమిట్స్‌బర్గ్ రాతి ఇల్లు

మేరీలాండ్‌లో అబ్బాయి దగ్గరున్న మూణ్ణెల్లలో నేను పట్టుబట్టి వెళ్లిన చోట్లు బాల్టిమోర్, ఫిలడెల్ఫియా, ఎమిట్స్‌బర్గ్, ఈ మూడే. మాది విచారణ బడి చదువు, అంటే ఊళ్లో కాథలిక్ గుడి నడిపే బడి. అలాంటి బడిలోనే 30 ఏళ్లు పాఠాలు చెప్పాను. అమెరికాలో ఈ బళ్లు ఎలా మొదలయ్యాయో చూడాలని ఆశ.

ముందు బాల్టిమోర్ బసిలికా, అంటే అక్కడి పెద్ద కాథలిక్ గుడి. 1806లో పునాదిరాయి వేశారు, 1821లో ప్రతిష్ఠ జరిగింది. వాషింగ్టన్‌లోని పార్లమెంటు భవనం కాపిటల్‌కు పనిచేసిన లాట్రోబే దీనికీ శిల్పి. గుమ్మటంలోంచి దిగే వెలుతురు చూడాల్సిందే. 1884లో బాల్టిమోర్ ఆర్చిబిషప్ గిబ్బన్స్ అధ్యక్షతన అమెరికా కాథలిక్ పీఠాధిపతులంతా (బిషప్పులు) ఇక్కడ కూర్చుని, ప్రతి విచారణలోనూ రెండేళ్లలో బడి పెట్టాలని శాసనం చేశారు. రెండేళ్లట! మా బడికి మరుగుదొడ్లు కట్టడానికే నాలుగేళ్లు పట్టింది. కింద నేలమాళిగలో గిబ్బన్స్, అమెరికా తొలి పీఠాధిపతి జాన్ కారల్ సమాధులున్నాయి. పార్కింగ్ కోసం మాత్రం మావాడు మూడు చుట్లు తిరిగాడు.

ఫిలడెల్ఫియా ఒక్క పూటలో ముగించాం. అప్పట్లో అక్కడి సర్కారు బళ్లలో ప్రొటెస్టెంట్ల కింగ్ జేమ్స్ బైబిలే చదివించేవారు. మా పిల్లల్ని మా బైబిల్ చదువుకోనివ్వండని అక్కడి కాథలిక్ బిషప్ కెన్రిక్ అడిగారు. ఆ గొడవ ముదిరి 1844 అల్లర్లలో సెయింట్ అగస్టీన్ గుడి కాలిపోయింది. ఇప్పుడున్నది మళ్లీ కట్టింది. 1852లో వచ్చిన బిషప్ నాయ్‌మన్ విచారణ బళ్లన్నిటినీ మేత్రాసనం (బిషప్ పాలనలోని ప్రాంతం) కిందికి తెచ్చారు. సెయింట్ పీటర్ గుడి కింది అంతస్తులో, బలిపీఠం కింద అద్దాల పేటికలో ఆయన దేహం ఉంది. మొహానికి మైనపు తొడుగు. నా భార్య అటు చూడలేక బయటికొచ్చేసింది.

ఒక్క రోజే ఉంటే మటుకు ఎలిజబెత్ సీటన్ ఉన్న ఎమిట్స్‌బర్గ్ వెళ్లండి. కారు లేకపోతే కష్టం. ప్రవేశం ఉచితం, మరుగుదొడ్లు శుభ్రం, వాకిట్లో బోలెడు చెట్లు. రాత్రికి గెటిస్‌బర్గ్ వైపు ఒక మోటెల్‌లో దిగాం. హీటర్ తెల్లార్లూ రైలింజన్‌లా మోగింది, పొద్దున టిఫిను పేరుతో తీపి తప్ప ఏమీ లేదు. మేం పట్టుకెళ్లిన పులిహోరే గతి.

ఎలిజబెత్ సీటన్ న్యూయార్క్ ఆవిడ. భర్త పోయాడు, ఐదుగురు పిల్లలు. 1805లో కాథలిక్ అయింది, 1809లో ఇక్కడికొచ్చి సిస్టర్ల (కాథలిక్ సన్యాసినుల) సంఘం పెట్టింది. అప్పటి రాతి ఇల్లు ఇంకా నిలిచే ఉంది. నాలుగు గదుల్లో 16 మంది ఉన్నారట. నేను ఆ గుమ్మంలో నిలబడితే వెనకాల మావాడికి చోటు లేదు. మరుసటి ఏడాది పక్కనే తెల్ల ఇంట్లో బడి తెరిచారు. పేద పిల్లలకు ఫీజు లేదు. 1821లో 46 ఏళ్లకే ఆవిడ ఆ ఇంట్లోనే కన్నుమూసింది.

బాల్టిమోర్ శాసనం నడిచింది ఇలాంటి సిస్టర్ల చేతులమీదే. 1965 ప్రాంతంలో ఆ దేశంలో సిస్టర్లు దాదాపు 1.8 లక్షలు, కాథలిక్ బళ్లలో పిల్లలు 50 లక్షల పైన. సిస్టర్లు తగ్గేసరికి జీతాలిచ్చి టీచర్లను పెట్టుకోవాల్సొచ్చింది, ఫీజులు పెరిగాయి, బళ్లు మూతపడ్డాయి. ఇప్పుడు పిల్లలు 17 లక్షల దాకా.

ఎమిట్స్‌బర్గ్‌లో చివర్లో శ్మశానానికి వెళ్లాం. సిస్టర్ల రాళ్లన్నీ ఒకే ఎత్తు, వరసల మీద వరసలు. నాలుగో వరస దాకా పేర్లు చదివాను. చీకటి పడుతోంది, గేటు వేసేస్తారు నాన్నా, అని మావాడు కారులోంచి పిలిచాడు.