ప్లాస్టిక్‌లో మంట నిరోధకం: బ్రోమినా, హైడ్రాక్సైడా, ఫాస్ఫేటా?

పాలిప్రొపిలీన్ ముక్కకు నిప్పంటుకుంటే ముందు మెత్తబడుతుంది, తర్వాత కరిగి బొట్లు బొట్లుగా కారుతుంది. ఆ బొట్లు కిందపడ్డాకా మండుతూనే ఉంటాయి. నిజానికి మండేది ప్లాస్టిక్ కాదు, దాని ఆవిరి. వేడికి ప్లాస్టిక్‌లోని పొడవాటి అణువుల గొలుసులు తెగి చిన్న ముక్కలై ఆవిరవుతాయి. ఆ మంట వేడి మళ్లీ కిందికి దిగి ఇంకొన్ని గొలుసుల్ని తెంపుతుంది. మంట నిరోధకం ఈ చక్రానికి ఎక్కడ అడ్డుపడాలన్నదే ప్రశ్న.

బ్రోమిన్ రసాయనాలు మంటలోనే అడ్డుపడతాయి. వాటి నుంచి వచ్చే హైడ్రోజన్ బ్రోమైడ్, మంటను నడిపించే రాడికల్స్‌ను (చురుగ్గా చర్య జరిపే అణు ముక్కలను) పట్టేస్తుంది. యాంటిమొనీ ట్రయాక్సైడ్ తోడైతే కొద్ది మోతాదే చాలు. ఈ లాభం కాదనలేనిది. కానీ ఆవిరి సగం సగం మండడంతో పొగ, కార్బన్ మోనాక్సైడ్ పెరుగుతాయి. అగ్నిప్రమాదాల్లో ఎక్కువమంది ప్రాణాలు తీసేది పొగే. ఒకప్పుడు టీవీ పెట్టెల్లో విరివిగా వాడిన డెకాబీడీఈ అనే బ్రోమిన్ రసాయనాన్ని 2017లో, హానికర రసాయనాలను కట్టడి చేసే స్టాక్‌హోం ఒప్పందం జాబితాకెక్కించారు కూడా.

అల్యూమినియం హైడ్రాక్సైడ్ సుమారు 200 డిగ్రీల దగ్గర విడిపోయి, తన బరువులో మూడో వంతు నీటిని ఆవిరిగా వదులుతుంది. వేడిని మింగుతుంది, తన నుంచి విషవాయువు రాదు. చిక్కల్లా మోతాదే: కేబుల్ తొడుగుల్లో 60 శాతం దాకా కలపాలి. నైలాన్ 66కి అసలు పనికిరాదు, దాన్ని అచ్చు పోసేదే 280 డిగ్రీల దగ్గర. అక్కడ 300 దాటాకే విడిపోయే మెగ్నీషియం హైడ్రాక్సైడ్ కావాలి.

నాకు బాగా నచ్చేది మూడోది, ఫాస్ఫేట్. అమోనియం పాలిఫాస్ఫేట్, పెంటాఎరిత్రిటాల్, మెలమైన్ కలిపితే పాలిప్రొపిలీన్ పైభాగం నల్లటి నురగలా ఉబ్బి గట్టిపడి, కింది ప్లాస్టిక్‌కు వేడి తగలకుండా అడ్డు పొరవుతుంది. టీజీఏ (వేడి చేస్తూ బరువు ఎంత తగ్గుతుందో కొలిచే పరీక్ష) గ్రాఫ్‌లో మాత్రం ఈ నమూనా బరువు మామూలు ప్లాస్టిక్ కంటే ముందే తగ్గడం మొదలవుతుంది. కొత్తగా చూసేవాళ్లకు టెన్షన్: నిరోధకం కలిపితే ఇంకా త్వరగా విరిగిపోతోందేమిటి? గ్రాఫ్ చివరిదాకా చూడాలి. నైట్రోజన్‌లో 600 డిగ్రీలకు మామూలు పాలిప్రొపిలీన్ దాదాపు ఏమీ మిగలదు, దీంట్లో బొగ్గు మిగులుతుంది. ముందుగా విరిగింది కలిపిన మందే. ప్లాస్టిక్ ఆవిరయ్యేలోపే ఆ పొర సిద్ధం కావాలి మరి.

కాబట్టి కేబుళ్లకు హైడ్రాక్సైడ్, పాలిప్రొపిలీన్ పెట్టెలకు ఫాస్ఫేట్ అంటాను. తడి తగిలేచోట మాత్రం పూత పూసిన ఫాస్ఫేటే వాడాలి, లేకపోతే నీటికి మెల్లగా కరిగి బయటికొచ్చేస్తుంది. బ్రోమిన్‌ను, ఇవి రెండూ కుదరవని పరీక్షించి తేల్చుకున్నాకే ముట్టుకుంటాను.