లీచ్ లేక్ మంచు మీద రెండు రాత్రులు

మినియాపొలిస్‌లో ఆరేళ్ళుగా ఉంటున్నా, గడ్డకట్టిన సరస్సు మీద రంధ్రం వేసి చేపలు పట్టే ఐస్ ఫిషింగ్‌కి ఈ ఫిబ్రవరిలోనే కుదిరింది. నేనూ, మా బావమరిదీ మూడున్నర గంటలు డ్రైవ్ చేసి వాకర్ ఊరు చేరాం. లక్ష ఎకరాలకు పైగా ఉన్న అక్కడి లీచ్ లేక్ సరస్సు గడ్డకట్టి, దాని మీద పికప్ ట్రక్కులు తిరుగుతున్నాయి. మనిషికి 4 అంగుళాల గట్టి మంచు చాలట, ట్రక్కుకి అడుగుకు పైనే కావాలి. మంచు చిట్లి ఢామ్మనగానే మావాడు "బావా, వెనక్కి తిప్పేద్దాం" అన్నాడు.

మొదటి రాత్రి మంచు మీదే నిలిపిన స్లీపర్ హౌస్ అనే అద్దె గదిలో పడుకున్నాం. బంకు మంచాలు, ప్రొపేన్ హీటర్, నేలలో ఆరు రంధ్రాలు. ఒక్కొక్కరు రెండు గాలాలే వేయాలి. వాలై అనే చేప ఒక్కటీ పడలేదు కానీ, పెర్చ్ చేపలు పడ్డాయి, కారం పట్టించి వేయించుకున్నాం. అక్కడిదాకా బాగుంది. రాత్రి రెండింటికి గ్యాస్ అయిపోయింది. అద్దెకిచ్చినవాళ్ళు ఫోన్ ఎత్తింది గంట తర్వాత. వెళ్ళేవాళ్ళు రెండో సిలిండర్ ఉందా, కార్బన్ మోనాక్సైడ్ అలారం పనిచేస్తోందా చూసుకుని తాళం తీసుకోండి.

అందుకే రెండో రాత్రి ఊళ్ళో గది తీసుకున్నాం. ఖర్చు దాదాపు అంతే, వేణ్ణీళ్ళ స్నానం అదనం. పిల్లలతో వెళ్తే ఇదే మేలు.

అసలు మజా పగలు డార్క్‌హౌస్‌లో. కిటికీల్లేని చీకటి గుడిసె, నేలలో టీపాయ్ అంత గుంత. మంచు లోంచి వచ్చే వెలుతురుకి నీళ్ళు ఆకుపచ్చగా మెరుస్తాయి. చేప తేలిగ్గా కనబడాలని అడుగున చల్లిన గుడ్డు పెంకులు కూడా కనిపిస్తాయి. పైక్ అనే చేపని రప్పించడానికి రేకు రెక్కల చెక్క చేపని దారంతో తిప్పుతూ కూర్చోవాలి, వస్తే బల్లెంతో పొడవాలి. దీనికి గాలం లైసెన్సుతో పాటు బల్లెం లైసెన్సూ ఉండాలి.

మూడు గంటలు ఏమీ లేదు. నడుం పట్టేసింది. అంతలో చప్పుడు లేకుండా ఒక పొడవాటి నీడ వచ్చి చెక్క చేప పక్కన ఆగింది. బల్లెం మొన నీళ్ళలోకి దించాను. "ఆగు," అన్నాడు గైడు. ఇక్కడ పైక్‌లాగే కనిపించే మస్కీ చేపలు కూడా ఉన్నాయి, వాటిని పొడవకూడదు. నల్లటి ఒంటి మీద లేత మచ్చలుంటే పైక్, లేత ఒంటి మీద నల్ల మచ్చలుంటే మస్కీ. అవి లెక్కపెట్టేలోపు అది వెళ్ళిపోయింది.

సాయంత్రం మావాడు ఒక పైక్ కొట్టాడు. రుచి బాగుంది, ముళ్ళు మాత్రం పులసతో పోటీ. ఫిబ్రవరి ఆఖరి ఆదివారంతో సీజన్ ముగుస్తుంది. వచ్చే ఏడు జనవరికే గైడుని అడిగిపెట్టాను, స్లీపర్ వద్దని చెప్పి.