బంపర్ మార్చారు, కండెన్సర్ చూడలేదు: ముందు దెబ్బ తగిలిన కార్ల వాళ్లూ జాగ్రత్త

కారు ముందు భాగానికి దెబ్బ తగిలి ఇన్సూరెన్స్ క్లెయిమ్‌లో రిపేరుకి ఇచ్చినవాళ్లు బండి తీసుకునే ముందు ఇది చదవండి. బంపర్ వెనకాల, రేడియేటర్‌కి ముందు ఏసీ కండెన్సర్ ఉంటుంది. పల్చటి అల్యూమినియం గొట్టాలు, వాటి మధ్య రేకులు. పైకి చిన్న సొట్టలా కనిపించే దెబ్బకే అది చిట్లవచ్చు. గ్యాస్ ఒక్కసారిగా పోదు కాబట్టి డెలివరీ రోజు ఏసీ చల్లగానే వస్తుంది.

మాకు జరిగింది ఇదే. విజయవాడ హైవే మీద టోల్ గేట్ క్యూలో ముందున్న బండికి తగిలింది. కండెన్సర్ కూడా చూడమని వర్క్‌షాప్‌లో అడిగితే, "ఏసీ బాగానే పనిచేస్తోంది సార్, అక్కర్లేదు" అన్నారు. ఇన్సూరెన్స్ తరఫున డ్యామేజీ అంచనా వేసే సర్వేయర్ బంపర్ విప్పకముందే ఫొటోలు తీసుకుని వెళ్లిపోయారు. ఎస్టిమేట్‌లో బంపర్, గ్రిల్, హెడ్‌లైట్ తప్ప ఏమీ లేవు.

ఎండలు ముదిరేసరికి ఏసీలోంచి ఉత్త గాలే. బయటి ఏసీ మెకానిక్ గ్రిల్ తీసి టార్చి వేసి చూపించాడు. కండెన్సర్ కింది మూల రేకులు నలిగిపోయి, అక్కడ జిడ్డు మరక మీద దుమ్ము నల్లగా పేరుకుని ఉంది. గ్యాస్‌తో పాటే కంప్రెసర్ ఆయిల్ కూడా తిరుగుతుంది కాబట్టి లీకైన చోట అలా జిడ్డు పడుతుంది. దెబ్బ తగిలిన వైపు కూడా అదే.

ఇన్సూరెన్స్ వాళ్ల జవాబు: సర్వే రిపోర్టులో కండెన్సర్ లేదు, క్లెయిమ్ క్లోజైంది, ఇది అరుగుదల. వర్క్‌షాప్ వాళ్లేమో ఇన్సూరెన్స్ వాళ్లనే అడగమంటారు. చూడమని అడిగినా చూడకుండా ఇప్పుడు మా మీదికి నెట్టడం పచ్చి అన్యాయం.

అందుకే బంపర్ విప్పాకే సర్వే చేయమని పట్టుబట్టండి. ఆ మాట నోటితో కాదు, వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో పెట్టండి. విప్పాక కొత్త డ్యామేజీ బయటపడితే దానికి అదనంగా సప్లిమెంటరీ ఎస్టిమేట్ వేయించి సర్వేయర్‌కి పంపించాలి, రిపేరు అయ్యాక కాదు. ఏసీ గొట్టాల్లో నైట్రోజన్ నింపి లీక్ ఉందేమో చూసే ప్రెషర్ టెస్ట్ చేయించండి. అది అయ్యేదాకా, రిపేరు బాగానే జరిగిందని రాసిచ్చే సంతృప్తి పత్రం మీద సంతకం పెట్టకండి. లీక్ ఉందని తెలిశాక ఏసీ వేసుకుని తిరగొద్దు. ఆయిల్ తగ్గి కంప్రెసర్ పట్టేస్తే, అది యాక్సిడెంట్ వల్ల కాదు, తర్వాత నడపడం వల్ల అంటారు.

డబ్బు సంగతి కూడా తెలిసి ఉండాలి. జీరో డిప్ (పార్టుల పాతదనానికి క్లెయిమ్ డబ్బులో కోత వేయని అదనపు కవర్) లేకపోతే ప్లాస్టిక్ బంపర్‌కి 50 శాతం, కండెన్సర్ లాంటి లోహపు భాగాలకి బండి వయసుని బట్టి కోత పడుతుంది. మూడేళ్లు దాటి నాలుగేళ్ల లోపు బండికైతే 25 శాతం. జీరో డిప్ ఉన్నా ఏసీ గ్యాస్ ఖర్చు సాధారణంగా రాదు, దానికి కన్స్యూమబుల్స్ కవర్ (గ్యాస్, ఆయిల్ లాంటి వాడితే అయిపోయే వాటికి ఇచ్చేది) విడిగా తీసుకోవాలి.

క్లెయిమ్ కొట్టేస్తే ముందు కంపెనీ గ్రీవెన్స్ విభాగానికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. నెలలోగా జవాబు రాకపోయినా, వచ్చింది సరిగా లేకపోయినా ఇన్సూరెన్స్ కంపెనీల మీద ఫిర్యాదులు విని తేల్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలకీ ఆఫీసు హైదరాబాద్‌లో ఉంది, ఫీజు లేదు. మేమూ అక్కడికే వెళ్తున్నాం. మార్చిన పాత కండెన్సర్‌ని మాత్రం స్క్రాప్‌కి వదిలేయకండి, అడిగి తెచ్చుకోండి. రేపు చూపించడానికి అదే సాక్ష్యం.