ఉన్న యాంటీవైరస్ మీద ఇంకో సెక్యూరిటీ ప్యాక్ కొనబోతున్నారా? డబ్బు కట్టే ముందు ఇది చదవండి

యాంటీవైరస్, చెత్త ఫైళ్లు తుడిచే క్లీనర్, డ్రైవర్ అప్‌డేటర్ అన్నీ కలిపి ఒకే ప్యాక్‌గా అమ్ముతుంటారు కదా, అలాంటిది ఒకటి ఏడాది లైసెన్స్‌తో కొన్నాను. నా కంప్యూటర్లో అప్పటికే వేరే కంపెనీ యాంటీవైరస్ ఉంది. "మీ దగ్గరున్న యాంటీవైరస్‌తో కలిసి పనిచేస్తుంది, దాన్ని తీసేయక్కర్లేదు" అని వాళ్ల అమ్మకం పేజీలోనే పెద్ద అక్షరాలతో రాసి ఉంది. ఆ మాట నిజం కాదు. ఇదే మాట చెప్పి అమ్మేవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి ఒక్క కంపెనీ పేరు రాసి ఊరుకోవడం కంటే అసలు జరిగేదేంటో చెప్పడం మేలు.

మొదట్లో అంతా బాగానే ఉంది. తర్వాత పెద్ద ఫైళ్లు కాపీ చేసేటప్పుడు, ఏదైనా డౌన్‌లోడ్ పూర్తయ్యే సమయంలో మౌస్ బిగుసుకుపోయేది. కాసేపటికి బ్లూ స్క్రీన్ (విండోస్ కూలిపోయినప్పుడు వచ్చే నీలి తెర), దాని మీద "డ్రైవర్ ఐఆర్‌క్యూఎల్ నాట్ లెస్ ఆర్ ఈక్వల్" అనే స్టాప్ కోడ్, అంటే విండోస్ ఎందుకు ఆగిందో చెప్పే గుర్తు. ఒక్కోసారి ఏ కోడూ చూపకుండానే రీస్టార్ట్ అయిపోయేది. సేవ్ చేయని పని ఎంత పోయిందో చెప్పలేను.

వాళ్ల సపోర్ట్‌కి రాస్తే, ఒక్క లాగ్ ఫైల్ కూడా అడగకుండా "మీ ర్యామ్ పాడైంది, మార్చుకోండి" అన్నారు. ఆ వెంటనే కంప్యూటర్‌ని రిమోట్‌గా బాగుచేసే ప్రీమియం సపోర్ట్ ప్లాన్ కొనమన్నారు. నాకు అన్నిటికంటే కోపం తెప్పించింది ఇదే. వాళ్ల సరుకు వల్ల వచ్చిన సమస్యకి మళ్లీ మన చేతే డబ్బు కట్టించాలని చూడటం అన్యాయం. విండోస్‌లో ఉన్న మెమరీ డయాగ్నస్టిక్ నడిపితే ఒక్క తప్పూ చూపలేదు. దయచేసి ఎవరో ఫోన్లో చెప్పారని ర్యామ్, హార్డ్ డిస్క్ కొనేయకండి. కొత్త సాఫ్ట్‌వేర్ వేసిన తర్వాతే క్రాష్‌లు మొదలైతే ముందు అనుమానించాల్సింది దాన్నే.

ఇలా ఎందుకవుతుందంటే, యాంటీవైరస్ మామూలు ప్రోగ్రామ్ లాంటిది కాదు. విండోస్‌కి గుండె లాంటి కెర్నల్‌లో, ఫైళ్లని వడగట్టి చూసే ఫిల్టర్ డ్రైవర్‌గా కూర్చుంటుంది. మనం తెరిచే ప్రతి ఫైలూ దాని చేతి మీదుగానే వస్తుంది. అక్కడే ఇంకోటి కూడా కూర్చుంటే, ఒకటి తనిఖీ కోసం ఫైల్ తెరుస్తుంది, తెరిచింది కదా అని రెండోది దాన్ని తనిఖీ చేయబోతుంది, చివరికి ఒకదాని కోసం ఒకటి ఎదురుచూస్తూ రెండూ ఆగిపోవచ్చు. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవని ఊరికే అనలేదు. మామూలు ప్రోగ్రామ్‌లో తప్పు జరిగితే అదొక్కటే మూతపడుతుంది. కెర్నల్‌లో జరిగితే విండోస్ మొత్తం కూలుతుంది. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ పంపిన ఒక్క లోపభూయిష్టమైన అప్‌డేట్‌తో దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు ఆగిపోయాయని మైక్రోసాఫ్ట్ అంచనా వేసింది. అక్కడ రెండు ప్రోగ్రామ్‌ల గొడవ లేదు, కానీ ఆ స్థాయిలో పొరపాటు జరిగితే ఎంతవరకు వెళ్తుందో దాన్నిబట్టి తెలుస్తుంది. నా సమస్యకి ఇంకా దగ్గరగా ఉన్నది 2018 జనవరి సంగతి. మెల్ట్‌డౌన్ అనే ప్రాసెసర్ లోపానికి మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ తెచ్చినప్పుడు, కొన్ని యాంటీవైరస్‌లు కెర్నల్ మెమరీని చేయకూడని పద్ధతిలో ముట్టుకుంటున్నందువల్ల బ్లూ స్క్రీన్‌లు వచ్చాయి. దాంతో, ఆ అప్‌డేట్‌కి సరిపోతుందని యాంటీవైరస్ రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోటు) గుర్తు పెట్టని కంప్యూటర్లకి మైక్రోసాఫ్ట్ ఆ అప్‌డేట్‌నే ఆపేసింది.

విండోస్‌తో వచ్చే డిఫెండర్ విషయంలో భయం అక్కర్లేదు. వేరే యాంటీవైరస్ సరిగ్గా నమోదైతే అది తనంతట తాను పక్కకి తప్పుకుంటుంది. బయటి కంపెనీలవి రెండు ఉన్నప్పుడే గొడవ.

మీకూ ఇలా జరుగుతుంటే ముందు స్టార్ట్ మెనూలో రిలయబిలిటీ హిస్టరీ అని వెతికి తెరవండి. ఏ రోజు ఏం ఇన్‌స్టాల్ అయింది, ఏ రోజు నుంచి ఎర్ర గుర్తులు మొదలయ్యాయి అన్నది ఒకే చోట కనిపిస్తుంది. నా విషయంలో ఎర్ర గుర్తులన్నీ ఆ ప్యాక్ వేసిన తర్వాతివే. విండోస్‌లో జరిగినవాటి చిట్టా చూపే ఈవెంట్ వ్యూయర్‌లో కనిపించే కెర్నల్ పవర్ 41 అనే నమోదు చూసి పవర్ సప్లై పోయిందనుకోకండి. కంప్యూటర్ సరిగ్గా షట్‌డౌన్ కాలేదని మాత్రమే దాని అర్థం. క్రాష్ అయినప్పుడు విండోస్ ఫోల్డర్‌లో రాసిపెట్టే మినీడంప్ ఫైళ్లని మైక్రోసాఫ్ట్ వాళ్ల విన్‌డీబీజీ (WinDbg) అనే టూల్‌తో తెరిస్తే ఒక డ్రైవర్ పేరు వస్తుంది, కానీ రెండు ప్రోగ్రామ్‌లు కొట్టుకున్నప్పుడు దెబ్బ తిన్నదాని పేరు కూడా రావచ్చు. ఒక్క డంప్ చూసి తీర్పు చెప్పకండి, నాలుగైదు పోల్చి చూడండి.

చాలామంది క్లీన్ బూట్ చేయమంటారు. అంటే విండోస్‌లోని ఎంఎస్‌కాన్ఫిగ్ (msconfig) అనే టూల్‌లో మైక్రోసాఫ్ట్ సర్వీసులని దాచి, మిగతావి ఆపి, సగం సగం మళ్లీ ఆన్ చేస్తూ దోషిని పట్టుకోవడం. మామూలు ప్రోగ్రామ్‌లకి ఇది మంచి పద్ధతే. యాంటీవైరస్ దగ్గర మాత్రం నమ్మకండి, ఎందుకంటే సర్వీసులు ఆపినా దాని కెర్నల్ డ్రైవర్ లోడ్ అవుతూనే ఉండొచ్చు. పూర్తిగా తీసేస్తేనే తేలుతుంది.

తీసేయడంలోనూ తిరకాసు ఉంది. మామూలుగా అన్‌ఇన్‌స్టాల్ చేశాక కూడా క్రాష్‌లు ఆగలేదు. అడ్మిన్‌గా తెరిచిన కమాండ్ ప్రాంప్ట్‌లో ఎఫ్‌ఎల్‌టీఎంసీ (fltmc) అని కొడితే లోడైన ఫైల్ ఫిల్టర్ల జాబితా వస్తుంది, అందులో వీళ్ల డ్రైవర్ ఇంకా కూర్చునే ఉంది! వాళ్ల సైట్‌లో ఎక్కడో మూల పెట్టిన రిమూవల్ టూల్‌ని వెతికి, అత్యవసరమైనవి మాత్రమే లోడయ్యే సేఫ్ మోడ్‌లో నడిపాకే అది పోయింది. క్రాష్‌లు అక్కడితో ఆగాయి. మీ డిస్క్‌కి బిట్‌లాకర్ (డిస్క్‌ని తాళం వేసే విండోస్ ఎన్‌క్రిప్షన్) ఉంటే సేఫ్ మోడ్‌కి వెళ్లేముందే రికవరీ కీ రాసిపెట్టుకోండి, అడగవచ్చు. డ్రైవర్ ఫైళ్లని చేత్తో మాత్రం డిలీట్ చేయకండి, విండోస్ బూట్ కాకుండా పోయే ప్రమాదం ఉంది.

ఇంకా కొనాలనే ఉంటే ముందు ట్రయల్ వెర్షన్ వాడి చూడండి, అదీ తేడా వస్తే వెనక్కి వెళ్లడానికి రీస్టోర్ పాయింట్ పెట్టుకుని, పాత యాంటీవైరస్‌ని పూర్తిగా తీసేశాకే. రిమూవల్ టూల్ ఉందో లేదో, రిఫండ్ షరతులేంటో ముందే చూసుకోండి. నాకైతే "లైసెన్స్ యాక్టివేట్ అయింది కాబట్టి రిఫండ్ రాదు" అన్నారు. రిలయబిలిటీ హిస్టరీ స్క్రీన్‌షాట్లు పంపినా జవాబు మారలేదు. ప్యాక్‌లో వచ్చే క్లీనర్, డ్రైవర్ అప్‌డేటర్ కోసం డబ్బు పెట్టడం దండగ. క్లీనర్లలో రిజిస్ట్రీని తుడిచేవాటి వాడకాన్ని తాము సపోర్ట్ చేయమని మైక్రోసాఫ్టే చెప్పింది. డ్రైవర్లు విండోస్ అప్‌డేట్ నుంచో, కంప్యూటర్ తయారీదారు సైట్ నుంచో ఉచితంగానే వస్తాయి.

ఇప్పటికే కొనేసినవాళ్లు ఇంకోటి గమనించండి. సాఫ్ట్‌వేర్ తీసేసినంత మాత్రాన ఆటో రెన్యూవల్ ఆగదు. నా అకౌంట్‌లో అది మొదటి నుంచీ ఆన్‌లోనే ఉంది. లాగిన్ అయి విడిగా ఆఫ్ చేయండి, ఆఫ్ చేసినట్టు వచ్చే మెయిల్‌ని దాచిపెట్టుకోండి.