లక్కపిడతల సెట్టు: బొమ్మలకి ఐదు స్టార్లు, డబ్బాకి రెండు

మనవరాలి నాలుగో పుట్టినరోజుకి ఏదైనా మీనింగ్‌ఫుల్‌గా ఇవ్వాలని మా అబ్బాయి ఫోన్‌లో తెగ వెతికాడు. యలమంచిలిలో పెళ్లికి వెళ్లిన నేను పనిలో పనిగా ఏటికొప్పాక వెళ్లి, ఒక చిన్న కొట్లో లక్కపిడతలు కొనేశాను. పొయ్యి, కుండ, బిందె, గరిటె, రోలు రోకలి, తిరగలి. ఐదొందల లోపే అయింది.

సరుకు బాగుంది. అంకుడు కర్ర కాబట్టి తేలిక. మర మీద కర్ర తిరుగుతుంటే రంగు కలిపిన లక్కని దానికి ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకి పట్టేస్తుంది. తర్వాత మొగలి ఆకుతో రుద్దితే ఆ నిగనిగ వస్తుంది. మొక్కల రంగులేనా అని అడిగి మరీ కొనండి. నాలుగేళ్లకన్నా చిన్న పిల్లలుంటే మాత్రం గరిటె తీసి దాచేయండి, నోట్లో పెట్టేసుకుంటారు.

డబ్బా మీద 2017లో వచ్చిన జీఐ గుర్తింపు (ఇది ఫలానా ఊరి సరుకే అని చెప్పే ముద్ర) గురించి, వారసత్వం గురించి పెద్ద అక్షరాల్లో రాశారు. నీళ్లలో నానబెట్టొద్దు, తడిగుడ్డతో తుడవండి అని ఒక్క ముక్క రాయలేదు. కొన్నవాళ్లకి కావలసింది అదే కదండీ!

"ఎంత బాగున్నాయో అత్తయ్యా, షోకేసులో పెడదాం, పాడైపోతాయి" అంది కోడలు. నేను ఒప్పుకోలేదు. అన్నం ఉడకని కుండని చూసి ఏం చేస్తాం? పిల్ల చేతికిచ్చాక కుండలో పుట్నాలు పోసింది, "వేడిగా ఉంది, ఊదుకో తాతా" అని ఆయనకి తినిపించింది.

తిరగలి చూస్తే నాకు కందులు విసురుతున్న మా అమ్మ గుర్తొస్తుంది. ఆ కబుర్లన్నీ మనవరాలికి చెప్పాలని ఎంతో సరదాపడ్డాను. అది సగం కూడా వినలేదు. పిడి పట్టుకుని గుర్ర్‌మని తిప్పుతూ "మిక్సీ, నానమ్మా" అంది. కాసేపు మనసు చివుక్కుమన్న మాట నిజం. కానీ మా అమ్మని ఎరగని పిల్లకి అందులో మా అమ్మ ఎలా కనిపిస్తుంది? దాని వంటింట్లో అది మిక్సీయే. దోసెల పిండి రుబ్బుతోంది, మధ్యలో కరెంటు కూడా పోతోంది.

కొనుక్కోవచ్చు. మూతలు బిగుతుగా కూర్చుంటున్నాయో లేదో కొట్లోనే చూసుకోండి. ఈసారి వెళ్తే కోడలి షోకేసుకి వేరే బొమ్మ తెస్తాను, ఇవి ఖాళీగా లేవు.