మా అమ్మాయి డ్యూయల్ క్రెడిట్: ఏడాది తర్వాత నా రివ్యూ

టెక్సస్‌లో పదకొండో తరగతి పిల్లలున్న మనవాళ్లు ఏ పుట్టినరోజు ఫంక్షన్‌లో కలిసినా, బిర్యానీ ప్లేటు చేతికి రాకముందే "ఏపీనా, డ్యూయల్ క్రెడిట్టా?" అన్న మాట వచ్చేస్తుంది. ఏపీ అంటే ఆంధ్రప్రదేశ్ కాదండోయ్, అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్: హైస్కూల్లోనే కాలేజీ స్థాయి పాఠాలు చదివి, చివరి పరీక్షలో మంచి స్కోరు తెచ్చుకుంటే కాలేజీ క్రెడిట్ రావచ్చు. డ్యూయల్ క్రెడిట్ అంటే హైస్కూల్లో ఉండగానే కాలేజీ కోర్సు చదివి, దాన్ని రెండు చోట్లా లెక్కలోకి తెచ్చుకోవడం. మా అమ్మాయి పోయినేడాది మా దగ్గరి కమ్యూనిటీ కాలేజీలో (రెండేళ్ల కోర్సులుండే స్థానిక ప్రభుత్వ కాలేజీ) డ్యూయల్ క్రెడిట్ తీసుకుంది. ఫాల్ సెమిస్టర్‌లో ఇంగ్లిష్ 1301 కోర్సు, స్ప్రింగ్‌లో 1302, వాటితో పాటు అమెరికా చరిత్ర.

ముందు డబ్బు సంగతి. మూడు క్రెడిట్ల కోర్సుకి మాకు రెండొందల డాలర్ల లోపే అయింది. యూనివర్సిటీకి వెళ్లాక అదే కోర్సు తీసుకుంటే దీనికి ఎన్నో రెట్లు. ఆదాయం తక్కువున్న ఇళ్ల పిల్లలకైతే 2023లో వచ్చిన ఫాస్ట్ పథకం ఉంది. అందులో చేరిన కాలేజీల్లో వాళ్లకు ఫీజే ఉండదు. పైగా ఏపీలాగా మే నెలలో ఒక్క పూట పరీక్షతో క్రెడిట్ సంగతి తేలిపోదు. సెమిస్టరంతా రాసిన వ్యాసాలు, క్విజ్‌లు అన్నీ కలిపి గ్రేడ్ ఇస్తారు. సరిగ్గా పరీక్ష రోజే జ్వరం తెచ్చుకునే మా పిల్లకి ఇదే నయమనుకున్నాం.

అక్టోబరులో ఒక వ్యాసానికి గడువు రాత్రి 11:59. మా పిల్ల 12:06కి అప్‌లోడ్ చేసింది. పది మార్కులు కోసేశారు. ఏడు నిమిషాలకి పది మార్కులా అని నాకు ఒళ్లు మండి కాలేజీకి ఫోన్ చేశాను. అవతలావిడ చాలా మర్యాదగా, "మీ అమ్మాయి మా స్టూడెంట్, తనే మాతో మాట్లాడాలి" అంది. పదహారేళ్ల పిల్లండీ! విద్యార్థుల రికార్డుల గోప్యత కోసం ఉన్న ఫెర్పా చట్టం ప్రకారం కాలేజీ కోర్సులో చేరితే, వయసెంతైనా, ఆ రికార్డుల మీద హక్కు పిల్లలదేనట. గుంటూరులో నేను ఇంటర్ చదివేటప్పుడు మా నాన్న తలుపు కూడా తట్టకుండా ప్రిన్సిపాల్ గదిలోకి వెళ్లిపోయేవారు.

ఇక మా అమ్మాయే ప్రొఫెసర్‌కి ఈమెయిల్ రాసింది. డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని, "హాయ్" అని కొట్టి, చెరిపి, "డియర్ ప్రొఫెసర్" అని మార్చి, నాలుగు లైన్లకి నలభై నిమిషాలు తీసుకుంది. మార్కులు తిరిగి రాలేదు. కానీ ఆయన ఆఫీస్ అవర్స్‌కి, అంటే స్టూడెంట్లు వచ్చి కలిసే వేళకి, రమ్మన్నారు. వ్యాసంలో అసలు వాదన మూడో పేరాలో ఎక్కడో దాక్కుందని చూపించి, దాన్ని ముందుకు తెచ్చి మళ్లీ రాయమన్నారట. ఆ తర్వాతి వ్యాసం గడువుకి ఒక రోజు ముందే పంపేసింది. నేను గుర్తు చేయలేదు, ఒట్టు.

చికాకులూ ఉన్నాయి. రిజిస్ట్రేషన్‌కి స్కూల్ కౌన్సెలర్ సంతకం ఒకచోట, కాలేజీ పోర్టల్ ఇంకోచోట. ఆ పోర్టల్ నన్ను ఏడిపించింది. స్కూల్ స్ప్రింగ్ బ్రేక్ ఒక వారం, కాలేజీది మరో వారం. పాపం, పిల్లకి రెండూ దక్కలేదు. మా స్కూల్లో జీపీఏ (గ్రేడ్ల సగటు) లెక్కలో ఏపీ కంటే దీనికి వెయిట్ తక్కువ. క్లాసు ర్యాంక్ కోసం ప్రాణం పెట్టేవాళ్లు ముందే అడిగి తెలుసుకోండి.

ఇంకో సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. ఏపీలో స్కోరు బాగా రాకపోతే ఏ కాలేజీకీ పంపకుండా ఊరుకోవచ్చు. ఇక్కడ వచ్చిన గ్రేడ్ కాలేజీ ట్రాన్‌స్క్రిప్ట్‌లో ఉండిపోతుంది. రేపు మెడిసిన్‌కి అప్లై చేసినా ఈ హైస్కూల్ నాటి గ్రేడ్ కూడా చూపించాలి. "కమ్యూనిటీ కాలేజీయే కదా, ఈజీ" అని చేర్పించకండి.

టెక్సస్ ప్రభుత్వ యూనివర్సిటీలకి వెళ్లేవాళ్లకి ఇది బాగా కలిసొస్తుంది. డిగ్రీకి అందరూ చదవాల్సిన 42 క్రెడిట్ గంటల కోర్ కోర్సుల్లో పూర్తి చేసినవి అక్కడ చెల్లుతాయి. ప్రైవేటు, బయటి రాష్ట్రాల యూనివర్సిటీలైతే ఒక్కోచోట ఒక్కో పద్ధతి. చేరకముందే వాళ్ల వెబ్‌సైట్ చూసుకోవాలి.

నా లెక్కలో ఐదుకి నాలుగు. ఆ ఒక్కటీ పోర్టల్‌కి కోశాను. వేసవికి గవర్నమెంట్ 2305కి తనే రిజిస్టర్ చేసుకుంది. ఈసారి పాస్‌వర్డ్ నాకు చెప్పలేదు.